ఒప్పందంలో ఆఖరి రెండు లైన్లు: గుంటూరు, విజయవాడ ఎగుమతిదారుల సంఘాలకు బహిరంగ లేఖ

గుంటూరు మిర్చి, పత్తి ఎగుమతిదారుల సంఘాల పెద్దలకు, విజయవాడ కేంద్రంగా బియ్యం ఎగుమతి చేసే మిల్లర్లకు నమస్కారం.

కొత్త కాయ యార్డుకు రాకముందే ఈ ఉత్తరం మీకు చేరాలని రాస్తున్నాం. ధర, రకం, తేమ శాతం, షిప్‌మెంట్ తేదీ, ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) షరతుల మీద మీరు పైసా పైసా బేరం చేస్తారు. ఒప్పందం అడుగున రెండు లైన్లలో ఉండే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తులు తగవు తేల్చడం) క్లాజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొనుగోలుదారు పంపిందే వేదం, బ్రోకరు టైపు చేసిందే శాసనం. పేచీ వస్తే ఎక్కడ, ఎవరి ముందు, ఏ చట్టం కింద తేలాలో చెప్పేవి ఆ రెండు లైన్లే. ఆర్బిట్రేషన్‌లో అన్యాయం జరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం విచారణలో కాదు, సంతకం పెట్టిన రోజునో, నోటీసు అందిన మొదటి నెలలోనో దొరుకుతుంది.

ఒక్క లైను ఎంత పని చేస్తుందో చూడాలంటే నాఫెడ్, అలిమెంటా తగవు చదవండి. 1980 జనవరిలో నాఫెడ్ (జాతీయ వ్యవసాయ సహకార మార్కెటింగ్ సమాఖ్య) 5,000 టన్నుల వేరుశనగ పప్పు అమ్మడానికి స్విట్జర్లాండ్ సంస్థ అలిమెంటాతో ఒప్పందం చేసుకుంది. అందులో ‘మిగతా షరతులు ఫోస్ఫా 20 ఒప్పందం ప్రకారం’ అన్న అర్థంలో ఒక లైను ఉంది. ఫోస్ఫా అంటే నూనెగింజల వ్యాపారానికి లండన్‌లో ఉన్న సంఘం. ఆ ఏప్రిల్‌లో అదే ఇద్దరి మధ్య ఇంకో ఒప్పందం జరిగింది. సరఫరాకు సంబంధించిన మిగతా షరతులు పాత ఒప్పందం ప్రకారమే అని అందులో రాసుకున్నారు. 1987లో సుప్రీంకోర్టు మొదటి దానిలో లండన్ ఆర్బిట్రేషన్ క్లాజు చేరినట్టేనంది, రెండో దానిలో చేరలేదంది. సరుకు అదే, మనుషులు వాళ్లే, తేడా ఒక వాక్యంలో వాడిన మాటలే.

మొదటి ఒప్పందం కింద 1,900 టన్నులే ఓడెక్కాయి. మిగతాదానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. 1989లో ఫోస్ఫా ఆర్బిట్రేటర్లు నాఫెడ్ 46 లక్షల డాలర్ల పైచిలుకు కట్టాలన్నారు, అప్పీలు బోర్డు వడ్డీని ఇంకా పెంచింది. ఆ అవార్డు (ఆర్బిట్రేటర్ల తీర్పు) ఇక్కడ అమలు కాదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2020 ఏప్రిల్ వచ్చింది. నాఫెడ్ గెలిచింది కదా అని ధీమా పడకండి. అదే ఏడాది ఫిబ్రవరిలో విజయ్ కరియా కేసులో అదే కోర్టు, విదేశీ అవార్డును ఆపడానికి ఉన్న కారణాలు చాలా ఇరుకైనవని గట్టిగా చెప్పింది. ఆ తర్వాతి దారి ఎక్కువగా అదే. పైగా, నలభై ఏళ్లు కోర్టు ఖర్చు భరించే ఓపిక ఒక జాతీయ సహకార సమాఖ్యకు ఉంటుంది గానీ, కోల్డ్ స్టోరేజీ రసీదుల మీద అప్పు తెచ్చి సరుకు కొనే వ్యాపారికి ఉండదు.

బియ్యం వాళ్లకు ఇది పాత కథేమీ కాదు. 2023 జూలై 20న బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం రాత్రికి రాత్రి ఆపినప్పుడు, చేతిలో ఉన్న ఒప్పందాలు రద్దయినట్టా కాదా అన్న ప్రశ్న ప్రతి మిల్లు ముందూ నిలబడింది. లండన్‌లోని ధాన్యం వ్యాపార సంఘం గాఫ్టా ఒప్పంద పత్రాల్లో నిషేధానికి ప్రత్యేక క్లాజు ఉంటుంది. అది పని చేయాలంటే నిషేధం వచ్చిందని, అందువల్ల ఇంత సరుకు పంపలేకపోతున్నామని కొనుగోలుదారుకు ఆలస్యం చేయకుండా రాతలో తెలపాలి. ఫోన్‌లో చెప్పాం, వాట్సాప్‌లో నోటిఫికేషన్ ఫొటో పెట్టాం అంటే, తర్వాత నిరూపించుకోవడం మీ తలకాయనొప్పి. పత్తి సంగతి ఇంకో రకం. లివర్‌పూల్‌లోని అంతర్జాతీయ పత్తి సంఘం నియమాల్లో ఒప్పందం రద్దు అనే మాటే లేదు. సరుకు కదలకపోయినా ఒప్పందాన్ని మార్కెట్ ధరతో లెక్కగట్టి, తేడా కట్టించి మూసేస్తారు. ధర పెరిగాక మాట తప్పిన అమ్మకందారుకు ఆ తేడానే నెత్తిన పడుతుంది.

ఇక సీటు, అంటే ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన స్థానంగా ఒప్పందంలో రాసుకున్న చోటు. విచారణ జూమ్‌లో జరిగినా, దుబాయ్ హోటల్లో జరిగినా, అవార్డును కొట్టేసే అధికారం సీటుగా రాసుకున్న దేశం కోర్టులదే. సుప్రీంకోర్టు 2012 బాల్కో తీర్పు నుంచి మన దగ్గర ఇది స్థిరపడిన మాట. ‘వేదిక సింగపూర్, చట్టం ఇండియా, కోర్టులు గుంటూరు’ అని మూడూ కలిపేసిన క్లాజులు మా చేతికి వస్తూనే ఉంటాయి. అలాంటి దానితో అసలు పేచీ మొదలవకముందే సీటు మీద ఒక పేచీ నడుస్తుంది, ఫీజులు మాకు వస్తాయి, డబ్బు మీకు రాదు. ఇంగ్లండ్‌లో 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, వేరుగా రాసుకోకపోతే ఆర్బిట్రేషన్ క్లాజుకు సీటు చట్టమే వర్తిస్తుందని తేల్చేసింది. చైనాకు తేజ రకం మిర్చి పంపేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడి సంస్థను రాసుకుని భాష రాయకుండా వదిలేస్తే విచారణ చైనీస్‌లోనే సాగే ప్రమాదం ఉంది. ‘ఆర్బిట్రేషన్ భాష ఇంగ్లిష్’ అన్న మూడు మాటలు చేర్చమంటే ఏ కొనుగోలుదారూ ఒప్పందం వదులుకోడు.

ఆర్బిట్రేటర్‌ను ఎవరు ఎంచుతారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. యార్డులో తాలు (నాసి కాయ) పేరుతో వేసే కోత మీద గొడవ వస్తే రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. ఒక వైపు బావమరిదే ఏకైక పెద్దమనిషి అయితే ఎవరూ కూర్చోరు. విదేశీ ఒప్పందంలో మాత్రం ‘కొనుగోలుదారు నియమించిన ఏకైక ఆర్బిట్రేటర్’ అన్న మాట మీద నిమిషంలో సంతకం పడిపోతుంది. పేచీతో సంబంధం ఉన్న పక్షం ఒంటరిగా ఆర్బిట్రేటర్‌ను పెట్టకూడదని మన సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. 2024 నవంబరు 8న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రభుత్వ సంస్థల ఒప్పందాల్లోని ఏకపక్ష నియామకాలు రాజ్యాంగం 14వ అధికరణకు (సమానత్వ హక్కుకు) విరుద్ధమంది. అయితే ఈ రక్షణ 1996 ఆర్బిట్రేషన్ చట్టం మొదటి భాగంలోది. సీటు లండన్ అని రాసుకుంటే అందులోని 12వ సెక్షన్ మీ వెంట రాదు, అక్కడి చట్టం ఇచ్చిందే మీకు దక్కుతుంది. భారత్ సీటు పెట్టుకుని అవతలి పక్షం విదేశీయులైతే, ఇద్దరూ కుదరనప్పుడు నియామకం కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాలి. అంత దూరం వద్దనుకుంటే ఏదైనా సంస్థను నియామక అధికారిగా ముందే పేరు పెట్టి రాసుకోవాలి.

నియామకం అయ్యాక చేతికి వచ్చే వెల్లడి పత్రాన్ని చాలామంది ఫైల్లో పెట్టి మరిచిపోతారు. భారత్ సీటు అయితే అది చట్టం ఆరో షెడ్యూలు నమూనాలో ఉండాలి. ఆర్బిట్రేటర్ అనుభవం, చేతిలో నడుస్తున్న కేసుల సంఖ్య, ఏ పక్షంతోనైనా పాత, ప్రస్తుత సంబంధాలు, పన్నెండు నెలల్లో ముగించే వీలు ఉందా లేదా, ఇవన్నీ అందులో రాయాలి. ఈ గడుల్లో ‘ఏమీ లేదు’ అని ఉంటే అక్కడే ఆగి అడగాలి. గత మూడేళ్లలో అదే పక్షం, లేదా దాని అనుబంధ సంస్థ, ఆయన్ను రెండు లేదా అంతకుమించి సార్లు నియమిస్తే అది అనుమానానికి తావిచ్చే కారణమని అయిదో షెడ్యూలు చెబుతోంది. అభ్యంతరం చెప్పడానికి గడువు, విషయం తెలిసిన రోజు నుంచి పదిహేను రోజులు. తెలిసీ ఊరుకుని, అవార్డు వ్యతిరేకంగా వచ్చాక గుర్తు చేసుకుంటే కోర్టు వినదు. ఏడో షెడ్యూలులోని గట్టి అనర్హతలను వదులుకోవడం మాత్రం పేచీ పుట్టాక, రాతపూర్వక ఒప్పందంతోనే కుదురుతుంది. కాబట్టి అసలు ఒప్పందంలో ముందుగానే ‘అభ్యంతరం లేదు’ అని రాయించుకున్న కాగితానికి విలువ లేదు.

మన వ్యాపారానికి ఇక్కడే ఒక మెలిక ఉంది. అయిదో షెడ్యూలు చివర మూడో వివరణ ఉంది. ఓడల వ్యాపారం, సరుకుల వ్యాపారం లాంటి రంగాల్లో నిపుణులు కొద్దిమందే కాబట్టి, ఒకరినే తరచూ నియమించుకోవడం అక్కడ ఆనవాయితీ అయితే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని అది చెబుతుంది. 2020లో హాలిబర్టన్, చబ్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా, ఒకే సంఘటనకు సంబంధించిన వేరే కేసుల్లో నియామకాలు ఒప్పుకుంటే వెల్లడించడం చట్టపరమైన బాధ్యత అంటూనే, సరుకుల సంఘాల ఆర్బిట్రేషన్‌లో ఆనవాయితీ వేరని గుర్తించింది. ఈ మినహాయింపులో తర్కం లేకపోలేదు. పత్తి పోగు పొడవు చూసి చెప్పగలిగేవాళ్లు వందల్లో ఉండరు. కానీ దాని బరువంతా దూరంగా ఉండి, ఆ కొద్దిమందిలో ఎవరినీ ఎరగని అమ్మకందారు మీద పడుతుంది. ఏటా డజన్ల కొద్దీ కేసులు వేసే పెద్ద కొనుగోలుదారుకు ఏ ఆర్బిట్రేటర్ ఎలా ఆలోచిస్తాడో తెలుసు, ఏడాదికొకసారి తగిలే మనకు తెలియదు. ఈ తేడాను పూడ్చగలిగింది సంఘాలే.

అందుకే మా మొదటి విన్నపం: సంఘం ఒక రిజిస్టరు పెట్టాలి. ఆర్బిట్రేటర్ పేరు, ఏ పక్షం నియమించింది, ఏ సంవత్సరం, ఇంతే. పేచీ వివరాలు, మొత్తాలు, అవార్డులోని మాటలు వద్దు. మన చట్టం 42ఏ సెక్షన్ గోప్యత విధిస్తుంది, సంఘాల నియమాల్లోనూ అలాంటి షరతులుంటాయి. ఏది రాయవచ్చో లాయరుకు ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి.

ఒకే రకం ఒప్పందాల మీద ఒకరే వరసగా తీర్పులు ఇస్తే ఏమవుతుందో ఈ మధ్యే తేలింది. మన దేశపు సరుకు రవాణా రైలు మార్గం కాంట్రాక్టు మీద సింగపూర్ సీటుగా ఒక ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) ఆర్బిట్రేషన్ నడిచింది. అధ్యక్షత వహించిన ఆర్బిట్రేటరే అలాంటి ఇంకో రెండు కేసుల్లోనూ అధ్యక్షుడు. వచ్చిన అవార్డులోని 451 పేరాల్లో కనీసం 212 ఆ పాత అవార్డుల నుంచి ఎత్తి పెట్టినవే. ఈ కాంట్రాక్టులో లేని షరతులు, ఈ కేసులో ఎవరూ చేయని వాదనలు కూడా వాటితో పాటే వచ్చేశాయి. మిగతా ఇద్దరు ఆర్బిట్రేటర్లకు ఆ పాత కేసులతో సంబంధమే లేదు. సింగపూర్ కోర్టు అవార్డును కొట్టేసింది, 2025లో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. ఓడిన పక్షం పాత అవార్డులను పక్కన పెట్టుకుని పేరా పేరా పోల్చింది కాబట్టే ఇది బయటపడింది. ఒకే సరుకు నలుగురి చేతులు మారే గొలుసు అమ్మకాల్లో ఇలాంటి పరిస్థితి ఎంత సులువుగా వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంతకన్నా పెద్దది నైజీరియా కేసు. గ్యాస్ శుద్ధి ప్లాంటు కడతామని పీ అండ్ ఐడీ అనే చిన్న కంపెనీ 2010లో నైజీరియా ప్రభుత్వంతో ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ప్లాంటు లేవలేదు. 2017లో లండన్ సీటుగా ఉన్న ట్రిబ్యునల్ ప్రభుత్వం 660 కోట్ల డాలర్లు కట్టాలంది. ఏడు శాతం వడ్డీతో అది 1,100 కోట్లు దాటింది. 2023 అక్టోబరు 23న ఇంగ్లండ్ హైకోర్టు న్యాయమూర్తి రాబిన్ నోల్స్, ఆ అవార్డు మోసం ద్వారా వచ్చిందని తేల్చారు. ఒప్పందం చూసిన ప్రభుత్వ న్యాయాధికారికి కంపెనీ డబ్బు ముట్టజెప్పింది, నోరు విప్పకుండా తర్వాతా ముట్టజెప్పింది. కంపెనీ అధిపతి సాక్ష్యంలో ఆ సంగతి దాచాడు. విచారణ జరుగుతుండగానే ప్రభుత్వ లాయర్ల రహస్య పత్రాలు కంపెనీ చేతికి చేరాయి.

ఆ ట్రిబ్యునల్‌లో కూర్చున్నవాళ్లు పేరుమోసినవాళ్లే, వాళ్లు లంచం తిన్నారని ఎవరూ అనలేదు. ఎదురుపక్షం సాక్షిని గట్టిగా ప్రశ్నించలేదు, పత్రాలు అడగలేదు, నిపుణుడి లెక్కను సరిగ్గా ఎదుర్కోలేదు. ముందున్న కాగితాలను బట్టే ట్రిబ్యునల్ తేల్చింది. నిజాయితీ గల ఆర్బిట్రేటర్ ఉన్నంత మాత్రాన మీ పని ఆయన చేసిపెట్టడు. పత్రాలు బయటపెట్టమని అడగండి, ఎదుటి సర్వేయరును క్రాస్ పరీక్షకు పిలవండి. కాగితాల మీదే తేలే వ్యాపార ఆర్బిట్రేషన్‌లో మౌఖిక విచారణ కావాలంటే గడువులోగా రాతపూర్వకంగా కోరండి.

నాణ్యత దగ్గర ఇది మరీ అవసరం. యూరప్‌కు పంపే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ విషం లాటంతా సమంగా పరుచుకుని ఉండదు, బూజు పట్టిన కొన్ని కాయల్లోనే పోగుపడి ఉంటుంది. గుంటూరులో తీసిన మచ్చు పాసై, రోటర్‌డామ్‌లో తీసింది ఫెయిలైతే ఎవరో ఒకరు అబద్ధమాడినట్టు కాదు. మచ్చు తీసిన పద్ధతే వేరు కావచ్చు. కాబట్టి ఎన్ని బస్తాల నుంచి, ఎంత బరువు, ఏ పద్ధతిలో తీయాలి, ఏ ప్రయోగశాల ఫలితం అంతిమం, తేడా వస్తే మూడో పరీక్ష ఎక్కడ అన్నవి ఒప్పందంలోనే రాయాలి. మచ్చు నాలుగు సెట్లు ఉండాలి: మీకు, కొనుగోలుదారుకు, ప్రయోగశాలకు, ఒకటి ఆర్బిట్రేషన్ కోసం. ప్రతి సెట్టు మీదా సీలు నంబరు, లాటు, కంటైనరు నంబర్లు, తేదీ, తీసినవాళ్ల సంతకం. ఆ సీలు నంబర్లే నాణ్యత సర్టిఫికెట్టు మీద ఉండాలి, లేకపోతే ఆ సెట్టు ఏ సరుకుదో ఎవరూ చెప్పలేరు. వెలుతురు, వేడి తగిలితే రంగు దిగి, దాన్ని కొలిచే ఆస్టా విలువ పడిపోతుంది కాబట్టి ఆఫీసు బీరువాలో పెట్టకండి, చీకట్లో, చల్లగా ఉంచండి. సంఘమే ఒక కోల్డ్ స్టోరేజీలో ఒక గది తీసుకుని, తాళం మూడో మనిషి దగ్గర పెట్టి, సభ్యుల మచ్చులన్నీ అక్కడే భద్రపరిస్తే ఆ సాక్ష్యానికి వచ్చే బరువే వేరు. ఇది మా రెండో విన్నపం.

మన వైపు చేతులూ శుభ్రంగా ఉండాలి. ఒక లాటు పరీక్ష ఫలితం ఇంకో లాటుకు తగిలించడం, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే పత్రం) తేదీ వెనక్కి వేయించి ఓడ కంపెనీకి హామీ పత్రం ఇవ్వడం, అడుగు బస్తాల్లో తాలు నింపడం, ఇవి ఎవరికీ తెలియనివి కావు. ఇలాంటిది ఒకటి బయటపడితే న్యాయమైన మిగతా వాదనలు కూడా కొట్టుకుపోతాయి. మోసం మీద నిలిచిన ఒప్పందం ఎంత పెద్ద అవార్డు తెచ్చినా నిలవదని దేవాస్ కంపెనీ, ఇస్రో వాణిజ్య విభాగం యాంట్రిక్స్ తగవులో 2022లో మన సుప్రీంకోర్టే చూపించింది. అదే తగవు విదేశాల్లో ఇంకా నడుస్తోందన్నది వేరే మాట.

గడువుల గురించి కొంచెం విసుగ్గానే రాస్తున్నాం. నోటీసు అందాక జవాబుకు ఐసీసీలో 30 రోజులు, లండన్ ఆర్బిట్రేషన్ సంస్థ ఎల్‌సీఐఏలో 28, సింగపూర్ సంస్థ సియాక్‌లో 14. గాఫ్టాలో సరుకు దిగడం పూర్తయ్యాక నాణ్యత మీద క్లెయిము తెలపడానికి మామూలుగా 21 రోజులు. అంటే కొనుగోలుదారు ఆలస్యం చేసినా మీకు అది వాదన అవుతుంది, ఎప్పుడు తెలిపాడో మీ దగ్గర రికార్డు ఉంటే. నోటీసులు వెళ్లే ఈమెయిల్ బ్రోకరుదో, మానేసిన గుమాస్తాదో అయితే ఈ రోజులన్నీ మీకు తెలియకుండానే గడిచిపోతాయి.

‘లండన్ అవార్డు గుంటూరు వచ్చి ఏం చేస్తుందిలే’ అనే ధైర్యం ఇంకా కొందరిలో ఉంది. విదేశీ అవార్డులను అమలు చేస్తామని దేశాలు చేసుకున్న న్యూయార్క్ ఒడంబడికలో మనం 1960 నుంచి ఉన్నాం. బ్రిటన్, సింగపూర్, హాంకాంగ్, చైనా అవార్డులు ఇక్కడ అమలుకు వస్తాయి. అవతలి వాళ్లు మూడేళ్లలోగా అమరావతిలోని హైకోర్టుకు వస్తే మీ బ్యాంకు ఖాతా, మిల్లు, గోదాము జప్తుకు దొరుకుతాయి. విచారణకు వెళ్లకపోవడం రక్షణ కాదు, నోటీసే సరిగ్గా అందలేదని నిరూపించగలిగితే అది రక్షణ. పత్తి వాళ్లకైతే జప్తు దాకా అక్కర్లేదు. లివర్‌పూల్ సంఘం అవార్డు చెల్లించనివాళ్ల పేర్లు జాబితాలో పెడుతుంది, సభ్యులు వాళ్లతో వ్యాపారం చేయకూడదు.

ఖర్చు సంగతీ చూడాలి. రెండు కంటైనర్ల పేచీకి ముగ్గురు ఆర్బిట్రేటర్లను రాసుకుంటే సరుకు విలువ ఫీజులకే చాలదు. ఐసీసీలో దరఖాస్తుకే 5,000 డాలర్లు. సియాక్ 2025 నియమాల్లో పది లక్షల సింగపూర్ డాలర్ల లోపు తగవులకు కుదించిన పద్ధతి ఉంది: ఒక్కరే ఆర్బిట్రేటర్, మూడు నెలల్లో అవార్డు. అవతలి పక్షం ఖర్చు బయటి పెట్టుబడిదారు భరిస్తుంటే అది ఎవరో వెల్లడించాలని కూడా క్లాజులో రాయించండి. ఆ పెట్టుబడిదారుకూ ఆర్బిట్రేటర్‌కూ సంబంధం ఉందో లేదో అడగాలంటే ముందు పేరు తెలియాలి కదా.

రాష్ట్ర ప్రభుత్వ పరిశ్రమల, న్యాయ శాఖలకు ఈ లేఖ ప్రతి పంపుతున్నాం. విశాఖ ఏజెన్సీ బాక్సైట్ సరఫరా ఒప్పందం రద్దయినందుకు యూఏఈలోని రాస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ భారత ప్రభుత్వాన్ని రెండు దేశాల మధ్య పెట్టుబడుల ఒప్పందం కింద ఆర్బిట్రేషన్‌కు ఈడ్చింది. సంతకం రాష్ట్రానిది, జవాబు చెప్పుకోవాల్సింది కేంద్రం. 2011లో వైట్ ఇండస్ట్రీస్ కేసులో ఒక ఆస్ట్రేలియా కంపెనీ గెలిచింది, మన కోర్టులు దాని అవార్డు అమలును ఏళ్ల తరబడి నానబెట్టినందుకే. పెద్ద పెట్టుబడి ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ క్లాజునైనా సంతకానికి ముందు ప్రజల ముందు పెట్టండి.

మూడో విన్నపం, సంఘం తరఫున ఒక నమూనా క్లాజు. మా ముసాయిదాలో ఇవి ఉంటాయి: సీటు నగరం పేరుతో, సంస్థ, దాని నియమావళి, ఒక పరిమితి దాకా ఏకైక ఆర్బిట్రేటర్, నియామకం సంస్థ చేతిలో, ఏ పక్షానికీ ఒంటరి అధికారం లేదు, భాష ఇంగ్లిష్, నియామకాల, నిధుల వెల్లడి, మచ్చు పద్ధతి, నోటీసులకు రెండు ఈమెయిళ్లు. ‘మిగతా షరతులు ఫలానా సంఘం ప్రకారం’ అన్న లైను ఉంటే ఆ సంఘం పుస్తకం అమ్మకందారు చదివి ఉండాలి. కొనుగోలుదారు ఒప్పుకోడని ముందే అనుకోవద్దు. అందరూ ఒకే క్లాజు పంపితే అది గుంటూరు ఆనవాయితీ అవుతుంది, ఒక్కరు పంపితే అది ఆ ఒక్కరి పేచీగా కనిపిస్తుంది.

డిసెంబరులో ఒక రోజు సమయం ఇవ్వండి. సభ్యులు పోయిన సీజను ఒప్పందాలు, ధరలు, పేర్లు కొట్టేసి తీసుకొస్తే, వాటి క్లాజులు అక్కడికక్కడే చూసి దిద్దిస్తాం. దీనికి ఫీజు లేదు.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల్లో ఎగుమతి ఒప్పందాలు, తగవులు చూసే కొందరు న్యాయవాదులు, ఆడిటర్లు, నాణ్యత సర్వేయర్లు